మూకుట్లో పెరిగిన చెట్టు

మొన్న మా మనవరాలి కారులో మద్రాసు వెళ్తుంటే, తడ ఇంకా రాకముందే రోడ్డు పక్కన మొక్కల నర్సరీ కనబడి ఆపింది. తన ఫ్లాటు బాల్కనీకి ఏదైనా కావాలట. పచ్చటి వల పందిరి కింద, లోతు లేని కుండీల్లో జానెడేసి చెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. "జునిపర్ బోన్సాయ్ మేడమ్. ఏ స్టైలు కావాల? నిలువుగా ఉండేదా, పక్కకి వాలిందా, గాలి కొట్టినట్టు ఉండేదా, కిందికి వేలాడేదా?" అని అమ్మే కుర్రాడు, హోటల్లో ఏ దోసె కావాలని అడిగినంత సులువుగా అడిగాడు. మా పిల్ల ఫోనులో ఫొటోలు తీసి ఎవరికో పంపింది, అవతలివాళ్ళు ఏదో అన్నారు, ఒకటి తీసుకుంది. నేను కొబ్బరి బోండాం తాగడం పూర్తికాకముందే చెట్టు కారెక్కేసింది. నాకు నవ్వొచ్చింది. మా అమ్మకి ఆ నాలుగు రకాల్లో ఒకటి ఎంచుకోవడానికి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పట్టాయి. దారి పొడుగునా ఆ ఆకుల ఘాటు వాసన వస్తూనే ఉంది. మనవరాలు ఏదో చెబుతోంది, నేను ఊఁ కొడుతున్నాను గానీ, మనసు మాత్రం కొడవలూరుకి తూర్పున, సముద్రం హోరు వినబడే మా ఊళ్ళో, మా దొడ్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఇల్లు మా జేజిది. నాన్న మిషన్ బళ్ళో అయ్యవారు, జీతం తెచ్చేది ఆయనే, అయినా ఇల్లు మాత్రం జేజిదే. జేజి అంటే నాన్నకి అమ్మ. తెల్లవారకముందే ఆమె గొంతెత్తి పాట పాడితే ఇంటిల్లిపాదీ లేచి చాపమీద కూర్చోవాలి, ఆమె ప్రార్థన చేసి ఆమేన్ అన్నాకే పొయ్యి వెలగాలి. మా పొయ్యిలోకి సరుగుడాకు. సముద్రం ఒడ్డు తోపుల్లో రాలిన ఆ సన్నని ఆకుల్ని ఊడ్చి, గోతాల్లో కుక్కి తెచ్చుకునేవాళ్ళం. ఆ పొగ వాసన, గోడ మీద ఎండేసిన ఉప్పుచేపల వాసన, జేజి తలకి రాసుకునే ఆముదం వాసన, ఈ మూడూ కలిస్తేనే నా చిన్నతనం. ఏ పూట ఏ కూరో జేజి చెప్పాలి. ఊరగాయ జాడీలో చెయ్యి జేజిదే పడాలి. ఎసట్లో బియ్యం పోసేటప్పుడు దేవుడి వంతుగా ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేవాళ్ళం, ఆ గుప్పెడు కూడా జేజి గుప్పెడే. అమ్మ పెళ్ళికి పుట్టింటివాళ్ళిచ్చిన ట్రంకుపెట్టె తాళం చెవి సైతం జేజి మొలలోని గుత్తిలో ఉండేది. ఆమె గయ్యాళి అనుకోకండి. అమ్మకి జ్వరమొస్తే రాత్రంతా కాళ్ళు పిసికిన మనిషి. ఆ ఇంట్లో కోడలికి తనదంటూ ఒక వస్తువు ఉండాలన్న ఆలోచనే ఆమెకి ఎప్పుడూ రాలేదు, అంతే. అమ్మ అడగలేదు కూడా.

అమ్మ మొదటిసారి నోరు తెరిచి అడిగింది డాక్టరమ్మని. మిషన్ ఆసుపత్రి దొరసానమ్మని అందరం అలాగే పిలిచేవాళ్ళం. ఎన్నో యేళ్ళు మా ప్రాంతంలో కాన్పులు చేసి, ముసలితనం వచ్చి, వాళ్ళ దేశానికి వెళ్ళిపోతూ, బంగళా వరండాలో కుండీలన్నీ వరసగా పెట్టి స్త్రీల సమాజం వాళ్ళని తలా ఒకటి తీసుకోమంది. అందరూ గులాబీల మీద పడ్డారు. డాక్టరమ్మ తెలుగు బైబిల్లో నేర్చుకున్న తెలుగు. "కరుణమ్మా, నీవు ఏమి కోరుచున్నావు?" అంది అమ్మని. అమ్మ మెట్ల పక్కన డబ్బాలో ఉన్న ముళ్ళ ముళ్ళ పచ్చటి మొక్కని చూపించింది. కొండల మీదికి ఎండాకాలం విడిదికి వెళ్ళినప్పుడు తెచ్చుకున్న జునిపర్ అది. ఇండియాకి రాకముందు జపానులో కొన్నాళ్ళు ఉండి, చెట్టుని కుండీలో పొట్టిగా పెంచే ఈ విద్య ఆమె నేర్చుకుందట. ఆ మొక్కని అడిగినందుకు ఆమె ఎంత సంతోషపడిందంటే, తోటమాలిని పక్కకి పంపి తానే నేలమీద కూర్చుని, ఇసుకలో వేలితో నాలుగు బొమ్మలు గీసింది. నిలువుగా నిలబడే చెట్టు, వాలిన చెట్టు, గాలికి ఒకే పక్కకి వంగిన చెట్టు, కొండ అంచు నుంచి కిందికి జారిన చెట్టు. "మొదట వేరు చూడుము. పిమ్మట కాండము చూడుము. కొమ్మలను కడపట చూడుము. ఏ వైపు దాని ముఖమో నిశ్చయించుకొనుము. త్వరపడి కత్తిరింపకుము, కత్తిరించినది మరల అతుకదు" అని చెప్పింది. అమ్మ ఆ మాటల్ని బైబిల్ వాక్యంలాగే కంఠతా పట్టేసింది.

ఇంటికి తెచ్చాక అసలు కథ మొదలైంది. జేజి దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఏందిమే ఇది? పూస్తాదా, కాస్తాదా?" అంది.

"పుయ్యదు, కాయదు అత్తా. చూసుకునేదానికి."

"చూసుకునేదానికా! పెరిగేదాన్ని పెరగనీకుండా పొట్టిగా ఉంచేది ఏం పుణ్యం? బిడ్డకి కూడు పెట్టకుండా ఉంచినట్టు."

దానికి తోడు నీళ్ళ గొడవ. మా దొడ్లో బావి నీళ్ళు ఉప్పన. గుమ్మడిపాదుకి అవి చాలేవి గానీ జునిపర్‌కి పనికిరావు. మంచినీళ్ళు ఊరవతల ఏటి చెలమ నుంచి బిందెల్లో మోసుకురావాలి. అమ్మ తన బిందె మీద ఇంకో చిన్న చెంబు పెట్టుకుని తేవడం మొదలుపెట్టింది. "మనుషులకే మోసకరాలేక చస్తా ఉంటే చెట్టుకి మంచినీళ్ళంట" అని జేజి రోజూ అనేది. అమ్మ రోజూ తెచ్చేది. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడేలా తూర్పు గోడ దగ్గర పెట్టింది. మా ఎండలకి ఆ కొండ మొక్క బతుకుతుందని నాన్నకి నమ్మకం లేదు. సాయంత్రం పైన నీళ్ళు చిలకరిస్తే వచ్చే వాసన కోసం నేను దాని పక్కనే కూర్చుని చదువుకునేదాన్ని. అప్పటికి నాకు పదేళ్ళు దాటి ఉంటాయి.

ఏ ఆకారం అన్నదాని మీద మా ఇంట్లో ఒక చిన్న పంచాయితీ నడిచింది. నాన్న అన్నీ తిన్నగా ఉండాలనే మనిషి, పలకమీద గీత వంకర పోతేనే సహించడు. "నిలువుగా పెంచు. క్రిస్మస్‌కి కాయితం పూలు కట్టి గుళ్ళో పెట్టొచ్చు" అన్నాడు. నాకు కిందికి వేలాడే చెట్టే నచ్చింది, ఎందుకంటే అది అన్నిటికంటే వింతగా ఉంటుంది. అమ్మ అవునూ అనలేదు, కాదూ అనలేదు. పని అయిపోయాక గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పైన మట్టి కొద్దిగా వేలితో తోసి వేళ్ళు ఎటు పోతున్నాయో చూసేది. డబ్బాని కొంచెం తిప్పేది, మళ్ళీ చూసేది. ఎండలు పోయాయి, వానలు వచ్చాయి, అమ్మ ఇంకా తిప్పుతూనే ఉంది. జేజికి ఒళ్ళు మండేది.

ఆ వానల్లోనే ఒక గాలివాన వచ్చి మా పాక మీద గుమ్మడిపాదుని ఈడ్చి పారేసింది. గాలి తగ్గాక నేనూ అమ్మా సరుగుడాకు కోసం తోపుకి వెళ్ళాం. లోపలి చెట్లు నిటారుగా, పొడుగ్గా ఉన్నాయి. సముద్రం పక్క మొదటి వరస మాత్రం పొట్టిగా, లావుగా, కొమ్మలన్నీ ఊరి వైపే తిప్పుకుని నిలబడి ఉంది. లోపల చాలా చెట్లు విరిగి పడ్డాయి గానీ ఆ వరసలో ఒక్కటీ పడలేదు. అమ్మ గోతం కిందపెట్టి ఒక చెట్టు మొదట్లో చెయ్యి వేసి, అది ఎక్కణ్ణుంచి వంగిందో కిందినుంచి పైదాకా నిదానంగా చూసింది. "ఇట్టా" అంది. నాతో కాదు, తనలో తాను అనుకుంది.

పని చలికాలంలో మొదలుపెట్టింది. ఊళ్ళోకి అప్పుడప్పుడే కరెంటు వచ్చింది, స్తంభాల పనివాళ్ళు వదిలేసిన రాగితీగ ముక్కలు నాన్న తెచ్చిపెట్టాడు. తీగ బిరుసుగా ఉంటే కొమ్మ విరుగుతుంది. అందుకని అమ్మ దాన్ని నిప్పుల్లో ఎర్రగా కాల్చి చల్లార్చేది, అప్పుడు అది దారంలా వంగేది. లావు తీగ మొదలుకి, సన్నతీగ కొమ్మలకి, మరీ బిగించకుండా, మరీ వదులుగా లేకుండా వాలుగా చుట్టుకుంటూ పోయేది. తర్వాత రెండు బొటనవేళ్ళూ లోపలివైపు ఆనించి, కొమ్మని ఊపిరి బిగబట్టి కొంచెం వంచేది. ఆ పూటకి అంతే. మర్నాడు ఇంకొంచెం. ముదురు ఆకుల్ని కత్తెర పెట్టకుండా గోళ్ళతో గిల్లేది, కత్తెర తగిలిన చోట కొనలు ఎర్రబడతాయని డాక్టరమ్మ చెప్పిందట. కొమ్మల పని కుదుటపడ్డాక, కుమ్మరి దగ్గర వెడల్పాటి మూకుడు ఒకటి చేయించి, అడుగున చిల్లులు పొడిపించి, ఏటి ఇసుక, ఇటుక పొడి కలిపి వేళ్ళు కదలకుండా మట్టిగడ్డతో సహా అందులోకి దించింది. చూస్తే, గాలి ఎక్కడా లేని మా దొడ్లో ఆ జానెడు చెట్టొకటే గాలికి ఎదురు నిలబడ్డట్టు ఉంది. నాన్న చాలాసేపు చూసి, "నిలువుగా లేకపోయినా బానే ఉందే" అన్నాడు. జేజి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం మా ఇంట్లో అరుదు. నచ్చలేదనే మేమంతా అనుకున్నాం.

కోతలు అయ్యాక గుళ్ళో కోతల పండుగ. మా వైపు తెలియనివాళ్ళకి చెప్పాలి. ఆ ఆదివారం ప్రతి ఇంటివాళ్ళూ తమ కష్టంలో మొదటి పంట, మంచి పంట దేవుడికి తెచ్చి ఇస్తారు. వడ్ల మూట, కోడిపుంజు, అరటిగెల, చెరకుగడలు, ఏది ఉంటే అది. ఆరాధన అయ్యాక వాటినన్నిటినీ అక్కడే వేలం వేస్తారు, పాడుకున్నవాళ్ళు ఇంటికి తీసుకుపోతారు, వచ్చింది సంఘానికి చెందుతుంది. వేలం పాడేది మగవాళ్ళు. ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని నవ్వుకుంటూ చూస్తారు. ఒకటి మాత్రం ఎవరూ చెయ్యరు. తాము ఇచ్చినదాన్ని తామే పాడుకోరు. దేవుడి చేతిలో పెట్టినదాన్ని మళ్ళీ లాక్కున్నట్టు ఉంటుందని. మా జేజి ఏటేటా గుమ్మడికాయ ఇచ్చేది, ఊళ్ళో అంతటి కాయ ఇంకెవరిదీ ఉండేది కాదు, గుళ్ళో వాక్యం చెప్పే గురువుగారు దాన్ని బల్ల మీద అన్నిటికంటే ముందు పెట్టించేవాడు. ఆ సంవత్సరం మాకు పాదే లేదు.

అమ్మ చాపలు పరచడానికి ముందే గుడికి వెళ్ళింది, నేనూ ఆమెతోనే ఉన్నాను. కానుకలు తెచ్చేవాళ్ళు పాడుకుంటూ ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. జేజి తలమీద ఇత్తడి పళ్ళెం, దానిమీద కొత్త తువ్వాలు కప్పి, తల నిటారుగా పెట్టుకుని నడిచి వచ్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టి తువ్వాలు తీసింది. మూకుడు, అందులో అమ్మ చెట్టు.

నేను అమ్మ మొహం చూశాను. పాట పాడుతున్న పెదవులు అలాగే తెరుచుకుని ఉండిపోయాయి, గొంతు లేదు. లేచి వెళ్ళి అది నాది అనడానికి వీల్లేదు. ఇచ్చినది దేవుడికి, ఇచ్చింది అత్త. ఆ రోజు గురువుగారి ప్రసంగం ఎంతసేపు సాగిందో నాకు గుర్తులేదు గానీ, అమ్మ ఆ సేపంతా బల్లవైపే చూస్తూ, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడవకుండా చెయ్యి కొరుక్కున్నాను.

వేలం మొదలైంది. వడ్లు పోయాయి, కోళ్ళు పోయాయి. సంఘపెద్ద మూకుడు ఎత్తి చూపించి, "ఇదేందమ్మా, కూరకా, మందుకా?" అన్నాడు. గుళ్ళో ఒకటే నవ్వులు. కొబ్బరితోట ఆసామి ఒకాయన మంచి మనసుతోనే లేచి, "పాపం, మూకుట్లో పెట్టి చంపతా ఉండారు. నేను తీసకపోయి బాయి కాడ నేలలో నాటతా. సుబ్బరంగా పెరగతాది" అని పాట అందుకున్నాడు. ఇంకెవరో సరదాకి పైకి పాడారు. ఆసామి ఇంకా పైకి వెళ్ళాడు.

"ఒకటోసారి" అన్నాడు పెద్ద. "రెండోసారి..."

"నేను పాడతా."

ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. పక్కకి చూస్తే అమ్మ లేచి నిలబడి ఉంది. ఆసామి పాట కంటే పైకి పాడింది, స్త్రీల సమాజంలో లేసు అల్లి, అక్కడే దాచుకున్న డబ్బంతా అందులోనే పోయి ఉంటుంది. పెద్దకి ఏం చెయ్యాలో తోచక నాన్న వైపు తిరిగి, "అయ్యవారూ, మీ ఇంటి కానుక గదా ఇది? మీరేమంటారు?" అన్నాడు. నాన్న చెమట తుడుచుకుని, "ఆమె పాడింది. ఆమెనే అడగండి" అన్నాడు. నాన్న జీవితంలో చెప్పిన గొప్ప మాటల్లో అదొకటని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆసామి ఇంకా పాడాలా వద్దా అని నోరు తెరిచేలోపు ముందు వరసలో జేజి లేచింది. అమ్మ మొహం ఆమె అప్పుడే చూసింది. తానేం చేసిందో ఆమెకి అప్పుడే తెలిసినట్టుంది.

"నా కోడలు పాడతా ఉంది గదా. ఇంకెవురూ నోరు ఎత్తబాకండి" అంది. తర్వాత గురువుగారి వైపు తిరిగి, "దేవుడికి తక్కువేం రాలేదు గదయ్యా" అంది. గురువుగారు నవ్వి తల ఊపాడు.

ఇంటికి వస్తుంటే అమ్మ మూకుడు చంకన పెట్టుకుని ముందు నడిచింది, మేం వెనక. అమ్మకి కోపం వస్తే అరవదు, అడుగులు పెద్దవి వేస్తుంది. జేజి ఆ వెనకే ఆయాసపడుతూ అందుకుంది.

"పాదు పోయింది గదమ్మే. దొడ్లో ఇంకేముండాది ఇచ్చేదానికి? దేవుడికి ఇంట్లో మంచిది ఇయ్యాల గదా. ఇల్లంతా చూసినా. అదే బాగుండాది."

అమ్మ ఆగిపోయింది. వెనక్కి తిరిగి, "బాగుండాదా అత్తా?" అంది.

"బాగలేకపోతే దేవుడికి ఇస్తానా?" అంది జేజి, అలా అడగడమే తప్పన్నట్టు.

ఆ చెట్టు మా ఎండలకి, మా ఉప్పుగాలికి చాలా యేళ్ళు తట్టుకుంది. నాకు పెళ్ళయి వెళ్ళాక ఒక వేసవిలో పోయింది. జునిపర్ ప్రాణం పోయాక కూడా కొన్నాళ్ళు పచ్చగానే ఉంటుంది, అమ్మ ఆ తర్వాత కూడా నీళ్ళు పోస్తూనే ఉందని నాన్న చెప్పాడు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి గది వాళ్ళది, ఎవరి బీరువా వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. మనవరాలి బాల్కనీ చెట్టు ఎండితే ఇంకోటి వస్తుంది, అందులో తప్పేమీ లేదు. నాకు పాత రోజులు తిరిగి రావాలనీ లేదు, ఆ మంచినీళ్ళ బిందెలు మోసినవాళ్ళెవరూ అలా అనరు. కాకపోతే ఒక వస్తువు తనదని చెప్పడానికి మనిషి నలుగురిలో లేచి నిలబడాల్సిన రోజుల్లో, ఆ వస్తువు విలువ కూడా అంత ఉండేది.

పండుగ తర్వాతి రోజుల్లో ఒక సాయంత్రం జేజి పీట తెచ్చుకుని మొదటిసారి ఆ చెట్టు ముందు కూర్చుంది. అటు చూసి ఇటు చూసి, సముద్రం వైపు ఒంటరిగా చాచుకుని ఉన్న ఒక కొమ్మని వేలితో చూపించి, "ఇది తీసెయ్ మే. అన్నీ ఒక దిక్కు పోతా ఉంటే ఇదొక్కటీ అడ్డంగా ఉండాది" అంది. జేజి తీసెయ్ అంటే మా ఇంట్లో ఏదైనా తీసేయాల్సిందే.

"వొద్దత్తా. ఉండనీ" అంది అమ్మ.

నాకు తెలిసి ఆమె అత్తతో అన్న మొదటి వద్దు అది. జేజి మోకాళ్ళ మీద చేతులు ఆనించి నిదానంగా లేచింది. "నీ చెట్టు. నీ ఇష్టం" అని పీట తీసుకుని లోపలికి వెళ్ళింది.

కొన్నాళ్ళకి ఒక పొద్దున నేను బడికి తయారవుతుంటే అమ్మ గోడ దగ్గర కూర్చుని, ఆ కొమ్మనే, సరిగ్గా ఆ కొమ్మనే, మొదలంటా కోసేసింది. నిజంగానే అడ్డంగా ఉందది. జేజి వాకిట్లో బియ్యం చెరుగుతూ అంతా చూసింది. అమ్మ ఆమె వైపు చూసింది. జేజి తల దించుకుని, చాటలో రాళ్ళు ఏరుకోసాగింది.